గీసుకున్న కాలికి ఐసీయూ ఎందుకు? పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

సార్వా ఊడ్పుల రోజుల్లో కాలికీ చేతికీ దెబ్బలు మామూలే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకటే ప్రశ్న: చిన్న గాయం, చిన్న బొబ్బ, ఒక గొంతునొప్పి మనిషిని రెండు రోజుల్లో ప్రాణం మీదికి ఎలా తెస్తాయి? దగ్గరగా ఉన్న ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

చేలో గట్టు చెక్కుతుంటే పార తగిలి మా బావగారికి మడమ పైన కొద్దిగా తెగింది. పసుపు పెట్టి గుడ్డ కట్టారు. మూడో రోజు చలిజ్వరం, వాంతులు, విరేచనాలు. ఊళ్లో ఇంజక్షన్ చేసి పంపేశారు. ఆ రాత్రికే ఒళ్లంతా ఎర్రబడింది, మాట తడబడింది. కాకినాడ తీసుకెళ్తే టాక్సిక్ షాక్ అన్నారు. బతికారు గానీ మాకు ఇప్పటికీ అర్థం కాలేదండి, గాయంలో చీము చుక్క కూడా లేదు. అంత విషం ఎక్కడి నుంచి వచ్చింది?
– ఒక గృహిణి, రాజోలు

చీము లేదన్న ధైర్యమే ఈ జబ్బులో కొంప ముంచుతుంది. టాక్సిక్ షాక్, అంటే క్రిమి వదిలిన విషంతో బీపీ కుప్పకూలడం, వచ్చిన చాలామందిలో గాయం శుభ్రంగానే కనిపిస్తుంది. ఇందుకు కారణమయ్యేవి ముఖ్యంగా రెండు బ్యాక్టీరియాలు: స్టెఫైలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్. మొదటిది ఆరోగ్యవంతుల్లో దాదాపు ముప్ఫై శాతం మంది ముక్కుల్లో ఏ హానీ చేయకుండా ఉంటుంది. గాయంలో చేరి, అక్కడే కూర్చుని, రక్తంలోకి తాను రాకుండా విషాన్ని మాత్రం వదలగలదు. అందుకే స్టెఫైలోకాకస్ వల్ల వచ్చిన టాక్సిక్ షాక్‌లో బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేస్తే నూటికి తొంభై అయిదు మందిలో ఏమీ పెరగదు. 'కల్చర్‌లో ఏమీ రాలేదు, ఇన్ఫెక్షన్ కాదు' అని ఇంటికి పంపడం పెద్ద పొరపాటు. స్ట్రెప్టోకాకస్ అయితే సగానికి పైగా రోగుల రక్తంలో దొరుకుతుంది.

ఈ విషం పాము విషంలా కండరాన్నో నరాన్నో నేరుగా దెబ్బతీయదు. మన రోగనిరోధక వ్యవస్థనే రెచ్చగొడుతుంది. మామూలుగా ఒంట్లోకి కొత్త క్రిమి వస్తే కాపలా కణాలు దాన్ని మింగి, ముక్కలు చేసి, ఒక ముక్కను తమ పైపొర మీద ఎంహెచ్‌సీ అనే ప్రోటీన్ గాడిలో పెట్టి టి కణాలు అనే తెల్ల రక్తకణాలకు చూపిస్తాయి. ఆ ముక్కకు సరిపోయే గ్రాహకం (పట్టుకునే కొక్కెం లాంటి ప్రోటీన్) ఉన్న టి కణం మాత్రమే మేలుకుంటుంది. అలాంటివి పది వేలల్లో ఒకటి, చాలాసార్లు అంతకన్నా తక్కువ. సూపర్ యాంటిజెన్లు అనే ఈ విషాలు ఆ తనిఖీని దాటేస్తాయి. ముక్కలు కానక్కర్లేదు, గాడిలో కూర్చోనక్కర్లేదు. కాపలా కణం మీది ఎంహెచ్‌సీని ఒక పక్క నుంచి, టి కణం గ్రాహకంలోని వి బీటా అనే భాగాన్ని ఇంకో పక్క నుంచి పట్టుకుని రెంటినీ బయటి నుంచే అతికించేస్తాయి. ఆ రకం వి బీటా ఉన్న ప్రతి టి కణం, అది ఏ క్రిమి కోసం పుట్టిందైనా సరే, లేచి కూర్చుంటుంది. ఒంట్లోని టి కణాల్లో 5 నుంచి 20 శాతం, ఒక్కోసారి అంతకు మించి, ఒకేసారి మేలుకుంటాయి. వంతులవారీగా నీరివ్వాల్సిన కాలువ మీద లాకులన్నీ ఒకే రాత్రి ఎత్తేస్తే చేలకు ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

మేలుకున్న కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 1, ఇంటర్‌ల్యూకిన్ 2, ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత రసాయనాలను కుమ్మరిస్తాయి. కొద్ది మోతాదులో ఇవే మనల్ని కాపాడతాయి. ఇంత మోతాదులో రక్తనాళాలు సడలిపోతాయి, వాటి గోడలు కారడం మొదలవుతుంది. రక్తంలోని ద్రవం కణజాలంలోకి జారిపోయి ముఖం, చేతులు ఉబ్బుతాయి, నాళాల్లో మాత్రం రక్తం చాలదు. బీపీ పడిపోతుంది. మూత్రపిండాలకు రక్తం అందక మూత్రం ఆగుతుంది, మెదడుకు చాలక మాట తడబడుతుంది. పేగులు కూడా ఇందులో భాగమే కాబట్టి వాంతులు, విరేచనాలు వస్తాయి. అవి చూసి 'తిన్నది పడలేదు' అనుకోవడంతోనే చాలా ఇళ్లల్లో మొదటి రోజు పోతుంది.

గాయాలు అందరికీ అవుతున్నా ఈ జబ్బు కొందరికే ఎందుకు? పెద్దల్లో నూటికి తొంభై మందికి పైగా టీఎస్ఎస్‌టీ 1 అనే ముఖ్యమైన స్టెఫైలోకాకస్ విషానికి యాంటీబాడీలు ముందే ఉంటాయి. చిన్నప్పటి నుంచీ ఆ క్రిమితో కలిసి బతకడం వల్ల వచ్చినవి అవి. ఏ కారణం చేతో అవి తయారు కాని కొద్దిమందే దీనికి దొరికిపోతారు. చిత్రమేమిటంటే జబ్బు వచ్చి తగ్గాక కూడా వీళ్లలో చాలామందికి యాంటీబాడీలు రావు. కాబట్టి మీ బావగారికి ఇకపై ఏ గాయమైనా, జ్వరం కలిస్తే, ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. పాత డిశ్చార్జి కాగితం వెంట ఉండాలి. జ్వరం వచ్చిన వారం, రెండు వారాల తర్వాత అరచేతులు, అరికాళ్ల తోలు పొరలుగా ఊడి ఉంటుంది. అది కొత్త జబ్బు కాదు.

ఇంట్లో గమనించాల్సినవి: 102 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, ఎండకు కమిలినట్టు ఒళ్లంతా ఎరుపు, కళ్లు ఎర్రబడటం, పై బీపీ 90 కన్నా తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. బీపీ మిషన్ లేకపోతే గోరును గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి, మూడు దాటితే 108కి ఫోన్ చేయండి. డెంగ్యూ రోజుల్లో రెంటికీ తికమక పడటం సహజం. డెంగ్యూలో బీపీ ఎక్కువగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగే సమయంలో పడుతుంది. టాక్సిక్ షాక్‌లో జ్వరం మండుతుండగానే, ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది.

స్ట్రెప్టోకాకస్ తీరు ఇంకొంచెం వేరు. అక్కడ ముందు వచ్చేది నొప్పి. పైకి కొద్దిపాటి వాపే ఉన్నా కాలు కదపనివ్వనంత నొప్పి ఉంటే చర్మం కింది పొరలు కుళ్లుతున్నాయని అనుమానించాలి. ఎర్రబడిన అంచు చుట్టూ బాల్ పెన్నుతో గీత గీసి టైము రాసుకోండి. గంట, రెండు గంటల్లో గీత దాటినా, ఊదారంగు నీటి బొబ్బలు లేచినా అది సర్జన్ చూడాల్సిన కేసు. ఆ నొప్పికి డైక్లోఫినాక్ సూది వేయించుకుని పడుకోవడం మా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ పని. నొప్పి, జ్వరం అణిగి, జబ్బు బయటపడే సమయం దాటిపోతుంది. మూత్రపిండాలకు అదనపు దెబ్బ.

సొంత రోగనిరోధక శక్తే ఎక్కువై ఇలా చేస్తుంటే, దాన్ని అణిచే స్టెరాయిడ్లు మొదట్లోనే ఇస్తే సరిపోదా? రెండు మూడు యాంటీబయాటిక్స్ కలిపి ఎందుకు ఇస్తారు?
– బీఎస్సీ విద్యార్థి, భీమవరం

మంచి ప్రశ్న. 1990లలో పరిశోధకులు సరిగ్గా ఇలాగే ఆలోచించారు. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులను సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి అవయవాలు దెబ్బతినే స్థితి) రోగులకు ఇచ్చి చూశారు. ప్రాణాలు నిలవలేదు. 1996లో వెలువడిన ఒక పరీక్షలో అయితే మోతాదు పెరిగేకొద్దీ మరణాలు పెరిగాయి. రోగి ఆస్పత్రికి చేరేసరికి రసాయనాల ఉప్పెన చాలావరకు వచ్చేసి ఉంటుంది, పైగా క్రిమిని చంపడానికి అదే రోగనిరోధక శక్తి కావాలి. అందుకే స్టెరాయిడ్లు ఇప్పుడు ఒక సందర్భంలోనే: సెలైన్, బీపీ పెంచే మందులు ఇచ్చినా షాక్ లొంగనప్పుడు, హైడ్రోకార్టిజోన్ రోజుకు 200 మిల్లీగ్రాములు.

అసలు వైద్యం వరుస ఇది. మొదటి గంటలోనే యాంటీబయాటిక్, దానికి ముందే కల్చర్‌కు రక్తం. మొదటి మూడు గంటల్లో కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల లెక్కన సెలైన్ లాంటి ద్రవం, అంటే 60 కిలోల మనిషికి 1,800 మిల్లీలీటర్లు. నాళాలు కారుతూనే ఉంటాయి కనుక టాక్సిక్ షాక్‌లో కొందరికి ఒక్కరోజులో పది లీటర్లు దాటుతుంది. చేతికి ఒక బాటిల్ పెట్టి 'రేపు చూద్దాం' అనడం దీనికి చాలదని అందుకే అంటున్నాం. అయినా బీపీ నిలవకపోతే నార్ అడ్రినలిన్. మూత్రం గంటకు కిలోకు అర మిల్లీలీటరు, అంటే ఈ మనిషికి 30 మిల్లీలీటర్లు వస్తోందా అని గొట్టం వేసి కొలుస్తారు.

వీటితో సమానమైనది విషం పుట్టే చోటును తొలగించడం. గాయంలో మట్టి, పుల్ల ముక్క, ముక్కులో కుక్కిన గాజ్ గుడ్డ, లోపలి చీము, కుళ్లిన కండ – ఏదైనా సరే తీసి కడగాలి. బయటికి బాగానే ఉన్న కుట్లను కూడా విప్పి చూడాల్సి రావచ్చు.

ఇక రెండు మందుల సంగతి. పెన్సిలిన్ వర్గం మందులు బ్యాక్టీరియా గోడ కట్టుకోవడాన్ని ఆపుతాయి. అందుకు అది చురుగ్గా పెరుగుతూ ఉండాలి. కిక్కిరిసిపోయి పెరుగుదల ఆగిన చోట పెన్సిలిన్ పని మందగిస్తుందని హ్యారీ ఈగిల్ అనే పరిశోధకుడు 1952లోనే ఎలుకల్లో చూపించాడు. ఆగినా బ్యాక్టీరియా విషం చేస్తూనే ఉండగలదు. క్లిండామైసిన్ బ్యాక్టీరియా రైబోజోమ్‌ను పట్టుకుని ప్రోటీన్ తయారీనే ఆపేస్తుంది. విషం కూడా ప్రోటీనే కనుక ఉత్పత్తి అక్కడితో ఆగుతుంది. ఒకటి క్రిమిని చంపడానికి, ఇంకొకటి విషం తయారీని ఆపడానికి. క్లిండామైసిన్ పనిచేయని రకమైతే లినెజోలిడ్ వాడతారు, మందులకు లొంగని స్టెఫైలోకాకస్ అనుమానం ఉంటే వాంకోమైసిన్ చేరుస్తారు. మూడోది ఇమ్యునోగ్లోబులిన్. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన యాంటీబాడీలు కాబట్టి, రోగి దగ్గర లేని విషవిరుగుడు అందులో ఉంటుంది. ఖరీదు చాలా ఎక్కువ. స్ట్రెప్టోకాకల్ షాక్‌లో దాన్ని వాడటానికి కొంత ఆధారం ఉంది, తిరుగులేనిది మాత్రం కాదు. ఆ డబ్బు కోసం పొలం తాకట్టు పెట్టే ముందు, పైన చెప్పినవన్నీ వేళకు జరిగాయా అని అడగండి.

మా రెండేళ్ల పాపకు వేడి గంజి పడి చేయి కాలింది. అరచేయంత ప్రదేశమే. మూడో రోజు జ్వరం, ఒంటి మీద ఎర్రటి దద్దు, రెండు విరేచనాలు. కాలిన చోటు శుభ్రంగానే ఉంది. పళ్లు వస్తున్నాయేమో అంటున్నారు.
– ఒక తల్లి, అమలాపురం

పళ్ల మీదికి నెట్టకండి, ఈరోజే పిల్లల డాక్టరు ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. కాలిన పిల్లల్లో టాక్సిక్ షాక్ వచ్చేది ఎక్కువగా ఇలాంటి చిన్న గాయాలకే, రెండేళ్ల వయసు చుట్టూనే, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపునే. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు తరిగిపోయి, సొంతవి ఇంకా రాని వయసు ఇది. పుండు చూడటానికి బాగుండటం కూడా మామూలే. జ్వరం, దద్దు, వాంతులు లేదా విరేచనాలు, మందకొడిగా ఉండటం – వీటిలో రెండు కలిసినా పుండు విప్పి కడగాలి, రక్తపరీక్ష చేయాలి. ఆరు గంటలుగా పాప మూత్రం పోయకపోతే డాక్టరుకు తప్పక చెప్పండి.

చదివే మిగతావాళ్లకు: కాలగానే కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు పెట్టండి. గంట, రెండు గంటలు ఆలస్యమైనా మేలే, మూడు గంటల లోపు ఎప్పుడైనా. ఐసు వద్దు. టూత్‌పేస్టు, నెయ్యి, ఆకు పసరు, పేడ ఏవీ వద్దు. గాజులు, మొలతాడు వాపు రాకముందే తీసేయండి.

ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నాం. రొయ్య తలమీది ముల్లు గుచ్చుకుని మా కూలీ ఒకాయనకు చేయంతా వాచి సెప్టిక్ షాక్ అన్నారు. ఇది కూడా ఆ విషమేనా?
– ఆక్వా రైతు

పడిపోయే బీపీ ఒకటే, దారి వేరు. ఉప్పునీరు, మంచినీరు కలిసే చెరువుల్లో విబ్రియో వల్నిఫికస్ లాంటి బ్యాక్టీరియా ఉంటుంది. దాని బయటి పొరలో ఎల్పీఎస్ అనే కొవ్వు, చక్కెరల అణువు ఉంటుంది. ఇది టి కణాల జోలికి పోదు. మాక్రోఫేజ్ అనే కాపలా కణాల మీది టీఎల్ఆర్ 4 గ్రాహకాన్ని తట్టి వాటి చేతే టీఎన్ఎఫ్‌ను కుమ్మరింపజేస్తుంది. ఆ గ్రాహకం ఇదేనని 1998లో తేల్చిన బ్రూస్ బ్యూట్లర్ 2011లో నోబెల్ పంచుకున్నాడు. మనుషులు దీనికి ఎంత సున్నితమంటే, శుద్ధి చేసిన ఎల్పీఎస్ కిలోకు 2 నుంచి 4 నానోగ్రాములు రక్తంలోకి ఎక్కించినా చలి, జ్వరం వస్తాయి. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు.

మీరు చేయాల్సింది సులువు. ముల్లు గుచ్చుకుంటే అక్కడే ఆపి, చెరువు నీటితో కాకుండా మంచినీరు, సబ్బుతో కడిగించండి. షుగర్ ఉన్నవాళ్లను, మందు తాగి కాలేయం పాడైనవాళ్లను పట్టుబడికి దించకండి, దించితే గ్లౌజులు, బూట్లు తప్పనిసరి. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు విబ్రియో ఒకటి రెండు రోజుల్లో ప్రాణాంతకం. ఆస్పత్రిలో 'రొయ్యల చెరువు పని' అని చెప్పించండి. ఆ ఒక్క మాటతో డాక్సీసైక్లిన్, సెఫ్టాజిడిమ్ లాంటి మందులు ముందే మొదలవుతాయి. వరి చేలో దమ్ములు చేసేవాళ్లకు మెలియాయిడోసిస్ అనే ఇంకొకటి ఉంది, అది మట్టి నుంచి వస్తుంది, షుగర్ రోగుల్ని ఎక్కువగా పట్టుకుంటుంది. అక్కడా చేను పని అని చెప్పడమే సగం రోగనిర్ధారణ.

ప్యాడ్లు, మెన్‌స్ట్రువల్ కప్పుల వల్ల ఈ షాక్ వస్తుందని హాస్టల్లో అందరూ భయపెడుతున్నారు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, పాలకొల్లు

బయట పెట్టుకునే ప్యాడ్లకూ దీనికీ సంబంధం లేదు. ఈ జబ్బుకు పేరు పెట్టింది అమెరికాలోని డెన్వర్ వైద్యుడు జేమ్స్ టాడ్, 1978లో, ఏడుగురు పిల్లలను చూసి. వాళ్లలో అబ్బాయిలూ ఉన్నారు. 1980లో అక్కడ ఎక్కువగా పీల్చుకునే టాంపన్లు వాడిన యువతుల్లో కేసులు ఒక్కసారిగా పెరగడంతో ఇది నెలసరి జబ్బుగా పేరు పడింది. టాంపన్‌ను ఎనిమిది గంటలకు మించి ఉంచకూడదు. కప్పు వల్ల కేసులు చాలా అరుదు, కానీ ఉన్నాయి. కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కుని పెట్టుకోండి, తయారీదారు చెప్పిన గంటలకు మించి ఉంచకండి, నెల నెలా మరిగే నీటిలో అయిదు నిమిషాలు ఉడికించండి. నెలసరిలో హఠాత్తుగా పెద్ద జ్వరం, దద్దు, కళ్లు తిరగడం వస్తే వెంటనే తీసేసి డాక్టరుకు ఆ సంగతి సిగ్గుపడకుండా చెప్పండి.

పెళ్లి వంటలు చేస్తాం. పొద్దున్న చేసిన కోవా, చికెన్ సాయంత్రం మళ్లీ బాగా మరిగించి వడ్డించినా ఓసారి నలభై మందికి వాంతులయ్యాయి. మరిగిస్తే క్రిములు చావవా?
– వంట మేస్త్రి, తణుకు

క్రిములు చస్తాయి, విషం చావదు. స్టెఫైలోకాకస్ ఎంటరోటాక్సిన్లు అరగంట మరిగినా నిలబడతాయి, ఒక మైక్రోగ్రాములోపే మనిషిని వాంతి చేయించగలవు. ఇవీ సూపర్ యాంటిజెన్ల కుటుంబమే. అయితే పేగు నుంచి రక్తంలోకి చేరేది తక్కువ. పేగులోని నరాల ద్వారా మెదడులోని వాంతి కేంద్రాన్ని కదపడమే ఇక్కడ వాటి ముఖ్యమైన పని. తిన్న గంట నుంచి ఆరు గంటల్లో మొదలై చాలామందికి రోజులో తగ్గిపోతుంది. ఓఆర్ఎస్ చాలు, యాంటీబయాటిక్ అనవసరం.

తప్పు మరిగించడంలో లేదు, మధ్యలో ఉంది. వండాక చేత్తో కలిపిన కోవా, ఎముకలు తీసిన చికెన్, రుబ్బిన కొబ్బరి పచ్చడి గది వేడిలో నాలుగైదు గంటలు ఉంటే క్రిమి విషం చేసుకోవడానికి ఆ సమయం చాలు. వేడివి 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లవి 5 డిగ్రీల కింద ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి రెండు గంటల్లోపు, లోతైన గిన్నెల్లో కాకుండా పలచటి పళ్లేల్లో పరిచి పెట్టండి. వేలికి గోరుచుట్టు, చేతికి సెగగడ్డ ఉన్న మనిషిని ఆరోజు కూరగాయలు కోయడానికి కూడా కాదు, గిన్నెలు మోయడానికి పెట్టండి.

మా మనవడికి గొంతునొప్పి, గరుకు కాగితంలాంటి దద్దు, నాలుక ఎర్రగా. స్కార్లెట్ ఫీవర్ అన్నారు. ఇదీ అదేనా? దీనికి టీకా లేదా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, మండపేట

దగ్గరి చుట్టమేనండి. స్ట్రెప్టోకాకస్ చేసే ఎస్పీఈ అనే సూపర్ యాంటిజెన్ విషాలే ఆ దద్దుకు కారణం. ఎక్కువమంది పిల్లల్లో అంతటితో ఆగుతుంది. పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ పది రోజులూ పూర్తిగా వాడించండి. మూడో రోజుకే జ్వరం పోతుంది, అక్కడ మానేస్తే కీళ్లవాతం, గుండె జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. మందు మొదలైన 24 గంటల దాకా బడికి పంపకండి.

టాక్సిక్ షాక్‌కు టీకా లేదు. టీఎస్ఎస్‌టీ 1 విషాన్ని నిర్వీర్యం చేసి చేసిన ఒక టీకా మనుషుల్లో తొలి దశ పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి, మార్కెట్‌లోకి రాలేదు. పక్కదారి ఒకటి ఉంది: ఆటలమ్మ టీకా. ఆటలమ్మ పొక్కులు గోకిన చోటు నుంచి స్ట్రెప్టోకాకస్ లోపలికి దిగడం పిల్లల్లో బాగా తెలిసిన సంగతి. ఆటలమ్మ పోసిన పిల్లవాడికి తగ్గిన జ్వరం నాలుగైదు రోజులకు మళ్లీ వస్తే, ఒక పొక్కు చుట్టూ ఎర్రగా వాచి నొప్పి పెడితే, స్నానం పోసేదాకా ఆగకుండా అదేరోజు చూపించండి. ఐబూప్రొఫెన్ వేయకండి, జ్వరానికి పారాసిటమాల్ చాలు.

బోదకాలు ఉంది. ఏడాదికి నాలుగైదుసార్లు చలిజ్వరంతో కాలు ఎర్రబడుతుంది. ఫైలేరియా మాత్రలు వేసుకున్నా ఆగట్లేదు.
– నరసాపురం నుంచి ఒక పెద్దాయన

ఆగదు, ఎందుకంటే ఆ దాడి చేసేది ఫైలేరియా పురుగు కాదు, కాలివేళ్ల సందుల్లోని పగుళ్ల నుంచి దూరే స్ట్రెప్టోకాకస్ లాంటి బ్యాక్టీరియా. మీరు వేసుకునే డీఈసీ అనే ఫైలేరియా మాత్ర దాన్నేమీ చేయదు. రోజూ రాత్రి సబ్బు, మామూలు నీటితో కాలు కడిగి, వేళ్ల సందుల్లో మెత్తటి గుడ్డతో పూర్తిగా తడి ఆరేదాకా అద్దండి, రుద్దకండి. పాచినట్టు తెల్లగా ఉంటే క్లోట్రిమజోల్ క్రీము. పడుకున్నప్పుడు కాలి కింద దిండు. దాడి వచ్చినప్పుడు వేడి కాపడం వద్దు, చల్లటి తడిగుడ్డ వేసి, అమాక్సిసిలిన్ లాంటి మందు డాక్టరు చేత రాయించుకోండి. ఏడాదికి మూడుసార్లకు మించి వస్తోంది కాబట్టి మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది మీకు సరిపోతుందేమో అడగండి. పెన్సిలిన్ పడని ఒళ్లయితే ముందే చెప్పాలి.